మూత తీయకు: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు అని కూడా అనాలి గానీ, విఘ్నం జరిగాకే ఈ గ్రంథం పుట్టింది. కాబట్టి ఆ మూడో ఆశీస్సు పాఠకులకు వదిలేస్తున్నాను.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల ముందు రెండు మాటలు ఇచ్చాడు. మూలంలో లేనిది రాయనన్నాడు, అక్కర్లేనిది చెప్పనన్నాడు. నేను మొదటి మాటకు వీలైనంత కట్టుబడతాను. రెండో మాట నిలబెట్టుకోవడానికి ఆయనకు కాళిదాసు దొరికాడు. నాకు దొరికింది పదకొండేళ్ల నాటి కారు.

సందర్భం ఇది. రోహిణి కార్తె. హైదరాబాదు నుంచి శ్రీశైలం ప్రయాణం. మన్ననూరు దాటి, నల్లమలలో దోమలపెంట దాటి, మలుపులు దిగి, లింగాలగట్టు దగ్గర కృష్ణ దాటాం. అవతల సున్నిపెంట వైపు ఎక్కుడు మొదలైంది. కార్లో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆఖరి నంబరు మీద. నాలుగో మలుపు తిరిగేసరికి లోపలికి ఏదో తియ్యటి వాసన వచ్చింది. ముందు సీట్లో కూర్చున్న మా బావమరిది కళ్లు మూసుకుని, "బావా, సాంబ్రాణి. గుడి దగ్గరపడింది" అన్నాడు. గుడి ఇంకా చాలా దూరం ఉంది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది.

ఎవరో దారిన పోయే జీపు డ్రైవరు కబురందిస్తే సున్నిపెంట నుంచి ఒక మేస్త్రీ మోటారుసైకిల్ మీద వచ్చాడు. వచ్చి, వచనంలో నాలుగు మాటలు చెప్పాడు. అవి మరిచిపోకూడదని ఇంటికొచ్చాక తేటగీతిలో కట్టుకున్నాను. ఆయన వాడిన తిట్లలో మూడు గణాలకు కుదరక పోయాయి. ఒకటి చక్కగా కుదిరింది కాబట్టి ఉంచాను. అంచేత భావం మేస్త్రీది, యతులు నావి, తప్పు కూడా నాదే.

మూలం

ముల్లు పైకెక్కగా బండి మూల నాపు
మూత తీయకు వేడిలో మూర్ఖబుద్ధి
చల్లబడుదాక నరగంట ఛాయ నుండు
సగము నీళ్లును సగముగా చలువరసము

ప్రతిపదార్థం

ముల్లు = ఇంజను వేడిని తెలియజేసెడి సూచిక; పైకి ఎక్కగా = 'సి' యను శీతాక్షరమును విడిచి 'హెచ్' యను ఉష్ణాక్షరమును చేరగా; బండి = వాహనమును; మూలన్ = బాట వారను; ఆపు = నిలుపుము; మూర్ఖబుద్ధి = ఓ తెలివిమాలినవాడా; వేడిలో = ఇంజను కాగియున్న సమయమున; మూత = రేడియేటరు మూతను; తీయకు = తెరువకుము; చల్లబడుదాకన్ = తాపము తగ్గువరకు; అరగంట = ముప్పది నిమిషములు; ఛాయన్ = చెట్టునీడయందు; ఉండు = వేచియుండుము; సగము నీళ్లును = ఒక పాలు నీటిని; సగముగా = రెండవ పాలుగా; చలువరసము = కూలెంటును (పోయుము అని శేషము).

తాత్పర్యము

ఓయీ మూర్ఖుడా! వేడి ముల్లు హెచ్చినంతనే బండిని బాట వారను నిలుపుము. కాగియున్నప్పుడు రేడియేటరు మూత జోలికి పోకుము. అరగంట నీడపట్టున కూర్చుండి, చల్లారిన పిమ్మట నీరును కూలెంటును సమపాళ్లుగా పోయుమని భావము.

విశేషాలు

1. ముల్లు. కావ్యాల్లో ముల్లు కాలికి గుచ్చుకుంటుంది. ఇది కంట్లో గుచ్చుకోవలసినది, గుచ్చుకోదు. కారణం దాని స్వభావంలోనే ఉంది. చాలా కార్లలో ఈ ముల్లు ఇంటి గుట్టు దాచే పెద్దమనిషి వంటిది. లోపల 80 డిగ్రీలున్నా, 100 ఉన్నా నడిమధ్యనే నిటారుగా నిలబడేట్టు దాన్ని తీర్చిదిద్దారు. నడిపేవాడు ప్రతి ఎత్తుకూ, ప్రతి సిగ్నలుకూ కంగారు పడకూడదని వాళ్ల దయ. కాబట్టి అది మధ్య వదిలి కదిలిందంటే గుట్టు రచ్చకెక్కిందని అర్థం. ఇంకో రెండు కిలోమీటర్లు పోయి చూద్దామనడం ఇక్కడ చెల్లదు.

ఇంకో సూక్ష్మం ఉంది. ఎక్కిన ముల్లు మనం ఏమీ చేయకుండానే హఠాత్తుగా దిగిపోతే దేవుడికి దండం పెట్టకూడదు. వేడి కొలిచే సెన్సరు నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్లే లేకపోతే అది దేని వేడి చెబుతుంది? తక్కువే చూపిస్తుంది. ఇంజను మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది.

ఇప్పటి కార్లలో చాలావాటికి ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలి దీపం, మితిమీరితే ఎర్ర దీపం. వాటి యజమానులు 'ముల్లు' ఉన్నచోట 'దీపం' అని చదువుకోవచ్చు. అప్పుడు గణభంగమూ యతిభంగమూ జంటగా వస్తాయి. ఇంజను భంగం కంటే అవి చవక.

2. పైకెక్కగా. ఎక్కింది ఏది అని శంక. కారు కొండ ఎక్కుతోంది. దానితో పాటు ముల్లు ఎక్కింది. ముల్లుతో పాటు వెనక సీట్లో మా ఆవిడకు కోపం ఎక్కింది. ఒకే క్రియకు ఇందరు కర్తలు కుదరడం వల్ల ఇక్కడ సహోక్తి అలంకారమని మా ఇంటి ఆలంకారికుల నిర్ణయం.

అసలు వేడి ఇంత ఎందుకు? తగలబెట్టిన పెట్రోలు శక్తిలో రమారమి మూడోవంతు మాత్రమే కారును నడిపే పనికి వస్తుంది. ఇంకో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. తక్కిన మూడోవంతులో పెద్ద భాగం నీళ్ల నెత్తిన పడుతుంది. వాటర్ పంపు తోస్తుంటే ఆ నీళ్లు ఇంజను గోడల మధ్య తిరిగి, వేడిని ఎత్తుకుని, రేడియేటరుకు పోయి, అక్కడి సన్నటి గొట్టాల్లో గాలికి దాన్ని అప్పగించి, ఖాళీ చేతులతో మళ్లీ ఇంజనుకు వస్తాయి. ఈ సన్నటి గొట్టాల ఏర్పాటుకు ఘనమైన వంశవృక్షం ఉంది. 1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు విల్‌హెల్మ్ మేబాహ్ తేనెపట్టు అల్లికలో రేడియేటరు కట్టాడు. గాలి తగిలే చోటు ఎక్కువైతే వేడి తొందరగా దిగుతుందన్న ఆయన సూత్రమే ఇవాళ మన బంపరు వెనకా పనిచేస్తోంది.

ఈ మార్గంలో ఒక ద్వారపాలకుడున్నాడు. పేరు థర్మోస్టాట్, ఆహారం మైనం. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసి, నీళ్లను రేడియేటరుకు పోనివ్వడు. సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య వాడి లోపలి మైనం కరిగి ఉబ్బి, తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ పూర్వపక్షం: "మన ఎండలకు వీడెందుకు సార్, పీకి పారేద్దాం" అనేవారున్నారు. పీకితే ఇంజను వేడెక్కవలసినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. వాడు మూసుకుపోయి ఇరుక్కుంటే కొత్తవాణ్ణి పెట్టుకోవాలి గానీ కొలువే రద్దు చేయకూడదని సిద్ధాంతం.

ఘాట్ రోడ్డులో ఏమవుతుందంటే, ఇంజనుకు పని ఎక్కువ, వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ. వేడి పుట్టడం పెరుగుతుంది, పోవడం తగ్గుతుంది. అంబాసిడర్ల కాలంలో కొండ ఎక్కే దారుల పక్కన బోనెట్లు నోళ్లు తెరుచుకుని నిలబడటం, డిక్కీలో నీళ్ల డబ్బా తప్పనిసరి కావడం అందుకే. ఇప్పటి బళ్లు ఆరోగ్యంగా ఉంటే ఏ కొండకూ ఇలా మొరాయించవు. మొరాయించాయంటే కొండది తప్పు కాదు.

రోగనిర్ణయానికి ఒక చిన్న సూత్రం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే చల్లబడితే ఫ్యానునూ, దాని ఫ్యూజునూ, రిలేనూ అనుమానించాలి. వేగంగా పోతున్నప్పుడే వేడెక్కితే నీటి నడకను అనుమానించాలి: పూడిన రేడియేటరు, తెరుచుకోని థర్మోస్టాట్, అరిగిన వాటర్ పంపు. రెండు చోట్లా వేడెక్కితే, అనుమానాలన్నీ పక్కనపెట్టి ముందు లోపల నీళ్లున్నాయో లేవో చూడాలి.

3. మూల నాపు. మేస్త్రీ అన్నది 'సైడుకు'. యతి కోసం నేను దాన్ని 'మూల' చేశాను. ఘాట్ రోడ్డులో మూల అంటే మలుపని అర్థం చేసుకుని అక్కడ ఆపేవారు ఉండవచ్చు. కవి ఇబ్బందులు వెనక వచ్చే లారీకి తెలియవు. కాబట్టి మూల శబ్దానికి 'వార' అన్న అర్థమే గ్రహించాలి. టైరు కింద రాయి పెట్టడం ధ్వని.

ఆగే చోటు వెంటనే దొరక్కపోతే? ముల్లు ఇప్పుడిప్పుడే లేస్తున్న దశలో ఒక ఆపద్ధర్మం ఉంది. ఏసీ కట్టేసి, హీటరు పూర్తిగా తిప్పి, కిటికీలు దించాలి. హీటరు లోపల ఉన్నది కూడా చిన్న రేడియేటరే. ఇంజను వేడిలో కొంత దాని ద్వారా కార్లోకి వస్తుంది. రోహిణి కార్తెలో, నల్లమలలో, ఐదుగురు కూర్చున్న కార్లో హీటరు వేయమని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో అనుభవజ్ఞులు ఊహించగలరు. ఇంజను బాధను కుటుంబమంతా పంచుకోవడమే ఇందులోని కరుణరసం. ఆవిరి లేచాక మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. అప్పుడు ఆపడమే, ఇంజను కట్టేయడమే.

4. మూత తీయకు. ఈ పద్యానికి ప్రాణం ఇదే. నిషేధార్థక క్రియ ఈ ఒక్కచోటే ఉంది. తక్కిన మూడు పాదాలూ మరిచిపోయినా బండే పాడవుతుంది. ఈ పాదం మరిచిపోతే మనిషి పాడవుతాడు.

మా బావమరిది ఈ విషయంలో పూర్వపక్షి. కారు ఆగీ ఆగకముందే దిగి, బోనెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు వేసి, "గుడ్డతో పట్టుకుంటే ఏం కాదు బావా, కొంచెం గాలి వదిలితే చల్లబడుతుంది" అన్నాడు. వాదం వినసొంపుగా ఉంది. అందుకే దీన్ని సాకల్యంగా ఖండించాలి.

రేడియేటరు మూత ఉత్త మూత కాదు. దాని మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. లోపల అంత బార్ల ఒత్తిడి నిలబడేదాకా అది నోరు విప్పదు. ఒత్తిడి పెరిగితే మరిగే హద్దూ పెరుగుతుంది. బయట 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ మూత కింద 120 చుట్టుపక్కలకు గానీ మరగవు. కూలెంటు సగం కలిపితే 125 దాటినా నీరుగానే ఉంటుంది. వంటింట్లో కుక్కర్ చేసే పని ఇదే. కుక్కర్ మీద విజిల్ ఉంటుంది, అరిచి చెబుతుంది. ఈ మూత అరవదు, అంతే తేడా.

ఇప్పుడు తువ్వాలుతో మూత తిప్పామనుకుందాం. ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. మరగవలసి ఉండీ ఇంతసేపూ ఓపిక పట్టిన నీరంతా అదే క్షణంలో మరుగుతుంది. కొంత ఆవిరై, ఆ ఆవిరి తక్కిన నీళ్లను ఎత్తి పైకి కొడుతుంది. పైన ఏముంది? వంగి చూస్తున్న బావమరిది మొహం. గుడ్డ చేతికే గానీ మొహానికి లేదు. కాబట్టి పూర్వపక్షం నిరస్తం.

కొన్ని కార్లలో రేడియేటరుకు మూతే కనిపించదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీదే ఆ ఒత్తిడి మూత ఉంటుంది. 'మూత' అనడం చేత అదీ ఇందులో చేరుతుంది. మూత గుణమొకటి కొనియాడదగ్గది. వేడెక్కినప్పుడు పొంగిన నీళ్లను చిన్న గొట్టం గుండా డబ్బాలోకి పంపుతుంది. చల్లారినప్పుడు లోపల ఏర్పడిన వెలితితో వాటినే తిరిగి పీల్చుకుంటుంది. రబ్బరు వాషరు చీకిపోయిన మూత ఈ ఇచ్చిపుచ్చుకోవడం చేయలేదు. పెద్దగా ఖరీదు లేని ఈ వస్తువు మార్చక ఇంజనుకే మరమ్మతులు చేయించుకున్నవారు కలరు.

5. మూర్ఖబుద్ధి. దీని విభక్తి మీద వివాదం ఉంది. 'మూర్ఖబుద్ధితో తీయకు' అని తృతీయ లుప్తమైందని నా మతం. అప్పుడు మూర్ఖత్వం ఆ పనిది అవుతుంది, మనిషిది కాదు. 'ఓ మూర్ఖబుద్ధీ' అని సంబోధన ప్రథమ అని మా ఆవిడ మతం. సంబోధన ఎవరినుద్దేశించి అని అడిగితే, డ్రైవరు సీటు వైపు చూసింది. పిల్లలిద్దరూ సంబోధన పక్షమే. బావమరిది మొదట నా పక్షాన ఉండి, తువ్వాలు సంగతి గుర్తొచ్చి మౌనం వహించాడు. నాలుగింట మూడు ఓట్లు కాబట్టి ప్రతిపదార్థంలో సంబోధననే వేశాను.

6. చల్లబడుదాక నరగంట. అరగంట కనిష్ఠ పరిమితి. ఎండలో గంట పట్టినా ఆశ్చర్యం లేదు. పై గొట్టం మీద చెయ్యి నిలిచేటంత చల్లబడితే, నొక్కినప్పుడు గట్టిగా బిగుసుకోక మెత్తగా ఉంటే, అప్పుడు మూత సంగతి ఆలోచించాలి. అప్పుడు కూడా ఒక మెట్టు తిప్పి, ఆగి, మిగిలిన ఊపిరి పోనిచ్చి, తర్వాత పూర్తిగా తీయాలి.

తొందరపడి బోనెట్ ఎత్తి ఇంజను మీద బిందెడు చల్లనీళ్లు కుమ్మరించడం అభిషేకం కాదు. శ్రీశైలం దారిలో ఈ పొరపాటు సహజమే గానీ, కాగిన అల్యూమినియం హెడ్డు మీద చల్లనీళ్లు పడితే వంకరపోవచ్చు, పగలవచ్చు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గాస్కెట్ కాలితే నీళ్లు వెళ్లకూడని చోట్లకు వెళతాయి. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ కనిపిస్తుంది. ఆ కాఫీ ఖరీదు చెప్పుకోవడానికి తేటగీతి చాలదు, శతకం కావాలి.

7. ఛాయ నుండు. ఇక్కడ ప్రసిద్ధమైన పాఠాంతరం ఉంది. 'ఛాయ' అని వత్తుతో చదివితే నీడ. వత్తు లేకుండా 'చాయ' అని చదివితే హైదరాబాదు ప్రతుల ప్రకారం టీ. నీడపాఠం సాధువని పండితులు, టీపాఠం రసవత్తరమని రసికులు. రెండింటా గణాలు సరిపోతాయి, యతీ చెడదు. మూలకర్త అభిప్రాయమేమిటో ఆరోజు ఆయన చేసిన పనే చెబుతుంది: మేస్త్రీ ఒక చెట్టు కింద కూర్చుని తన సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు. ఉభయపాఠాలూ ప్రామాణికమని తేలిపోయింది. మా పులిహోర పొట్లాన్ని కోతులు ఎత్తుకుపోయాయి కాబట్టి, ఆ టీ నాకు ఇవాళ్టికీ గుర్తు.

కింద లోయలో కృష్ణ. పైన మేము, గుక్కెడు నీళ్ల కోసం ఎదురుచూస్తున్న రేడియేటరు. ఇక్కడ విరోధాభాసం వేరే చెప్పనక్కర్లేదు.

8. సగము నీళ్లును సగముగా. ఈ విషయంలో మూడు మతాలున్నాయి.

మొదటివారు నీటివాదులు. "కూలెంట్ చలిదేశాల వ్యవహారం. నీళ్లు గడ్డకట్టకుండా పోస్తారు. లంబసింగిలో కూడా చలి సున్నా దగ్గరే ఆగుతుంది, మన ఊళ్లో గడ్డకట్టేదేముంది?" అని వీరి వాదం. అప్పటికి మూడు నెలలుగా నేనూ ఈ మతస్థుణ్ణే. సమాధానం: గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మరిగే హద్దును పెంచడం రెండోది. తుప్పు పట్టకుండా కాపాడటం మూడోది. మన ఎండల్లో ఈ రెండే ముఖ్యం. పైగా మనం పోసేది ఉత్త నీళ్లు కాదు, బోరు నీళ్లు. గీజరులోని కాయిల్‌కూ, వేణ్ణీళ్ల బిందె అంచుకూ పట్టే తెల్లటి పెచ్చు చూశారు కదా? రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ అదే పడుతుంది. నీళ్లే కలపాలంటే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. అడవి మధ్యలో తాగే నీళ్లు పోయడం ఆపద్ధర్మం. ఊరు చేరాక కడిగించి, సరైనది పోయించుకోవడం ప్రాయశ్చిత్తం.

రెండోవారు రసవాదులు. ఇనుమును బంగారం చేసేవారు కారు, నీళ్లు కలపకుండా రసమే పోయాలనేవారు. "ఖరీదైనది ఎక్కువ పోస్తే మేలే కదా" అని వీరి యుక్తి. ఇది నెయ్యి విషయంలో చెల్లుతుంది, కూలెంట్ విషయంలో చెల్లదు. వేడిని మోయడంలో నీళ్లకు సాటి లేదు. కూలెంట్‌లో ముఖ్యమైన ఇథిలీన్ గ్లైకాల్ మోయగలిగేది, బరువుకు బరువు చూస్తే, నీళ్లు మోసేదానిలో ఇంచుమించు అరవై శాతమే. చిక్కన కూడా ఎక్కువ, చురుగ్గా పారదు. ఇంకో వింత: చిక్కటి గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సగం నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. అంటే ఈ పెళ్లిలో ఇద్దరి గుణాలూ కలిశాకే పెరిగాయి.

మూడోవారు సమపాళ్లవారు. మూలకర్త మతం ఇదే, సిద్ధాంతమూ ఇదే. అయితే డబ్బా మీద ఏం రాసి ఉందో చదవాలి. 'కాన్సన్‌ట్రేట్' అంటే నీళ్లు మనం కలపాలి. 'రెడీ టు యూజ్' అంటే వాళ్లే కలిపేశారు. కలిపినదానికి మళ్లీ సగం కలిపితే పద్యం కుదురుతుంది, పాళ్లు కుదరవు.

9. చలువరసము. చలువకై రసము అని చతుర్థీ తత్పురుషం. 90 డిగ్రీల వేడితో పొర్లేదాన్ని చలువ అనడమేమిటి? తాను కాగి ఇతరుల్ని చల్లబరిచేదని అర్థం. పెద్ద కుటుంబాల్లో పెద్దకొడుకు వంటిది. 'సగముగాఁ జలువరసము' అని సరళాదేశం చేయాలి కదా అని వైయాకరణులు పట్టుకుంటారు. నిజమే. చేసి చూపిస్తే మేస్త్రీ ఒప్పుకోలేదు. "నా షెడ్డులో నేను చెప్పకుండా ఏ పార్టూ మార్చొద్దు సార్" అన్నాడు.

రసం అన్నారు కదా అని ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కారిన మడుగును నాకి కుక్కలూ పిల్లులూ చచ్చిపోతాయి. మిగిలినదాన్ని మంచినీళ్ల సీసాలో పోసి ఇంట్లో పెట్టడం అన్నిటికంటే పెద్ద మూర్ఖబుద్ధి. మా బావమరిదికి గుడి గుర్తుతెచ్చిన తియ్యటి వాసన కూడా దీనిదే.

రంగు చూసి జాతి నిర్ణయించరాదు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, గులాబీ అన్నీ ఉన్నాయి. అవి కేవలం వేసిన రంగులు. ఒక కంపెనీ ఆకుపచ్చ ఇంకో కంపెనీ ఆకుపచ్చకు చుట్టం కాకపోవచ్చు. లోపలి తుప్పు మందులు ఒకదానికొకటి పడకపోతే జిగురు కట్టవచ్చు. బండితో వచ్చిన పుస్తకం ఏది పోయమంటే అదే పోయాలి, ఎన్నేళ్లకు మార్చమంటే అన్నేళ్లకు మార్చాలి. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా, మన ఇళ్లలోని చాలా పురాణాల మాదిరే భద్రంగా ఉంటుంది.

10. క్రియాలోపం. నాలుగో పాదంలో క్రియ లేదని చదువరులు ఈపాటికి గమనించే ఉంటారు. సగం నీళ్లు, సగం చలువరసం. సరే, ఏం చేయాలి? 'పోయుము' అని శేషం పూరించాను ప్రతిపదార్థంలో. అది తొందరపాటు. ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

ఆరోజు అరగంట గడిచాక, టీ అయ్యాక, సీసా చేత్తో పట్టుకుని నేను లేచాను. మేస్త్రీ లేవలేదు.

"ఇంతకుముందు ఎప్పుడు పోశారు సార్?"

"వారం కింద."

"ఎంత?"

"అర లీటరు. వారానికి అంత తగ్గుతుంది, మళ్లీ పోస్తుంటాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలల నుంచి."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అంటే ఆరు లీటర్లు పోశారు. ఈ బండి పట్టేదే మొత్తం కలిపి నాలుగు. మరి పోసిందంతా ఎటుపోయింది సార్?"

నా దగ్గర జవాబు లేదు. పెట్రోలు ఖర్చవుతుంది, పోస్తాం. ఇదీ అలాగే ఖర్చవుతుందని అనుకున్నాను. కూలెంటు ఖర్చయ్యే వస్తువు కాదు. అది మూసి ఉన్న దారిలో తిరిగేది. తగ్గిందంటే తాగేవారెవరూ లేరు, పారిపోయే దారి ఎక్కడో ఉంది. "ఇంటి దగ్గర బండి కింద నేల పొడిగానే ఉండేదే" అన్నాను, ఓడిపోయేవాడి ఆఖరి వాదంగా.

"వేడి గొట్టం మీద కారిన చుక్క నేల దాకా రాదు సార్. దారిలోనే ఆరిపోతుంది. మరక మాత్రం ఉంటుంది." అని, టార్చి వేసి కింది గొట్టం బిగింపు దగ్గర చూపించాడు. క్లిప్పు చుట్టూ ఎండిన ఉప్పులాంటి తెల్లటి మరక, అంచున లేత ఆకుపచ్చ. మూడు నెలల నా ఉదారత్వమంతా అక్కడ పేరుకుని ఉంది. గొట్టం చివర చీకిపోయిన అంగుళం కోసేసి, మళ్లీ తొడిగి, కొత్త క్లిప్పు బిగించాడు. పావుగంట పని. తర్వాతే సీసా అందుకున్నాడు.

తెలుగు వ్యాకరణంలో పోయు వేరు, పోవు వేరు. ఒకటి సకర్మకం, ఒకటి అకర్మకం. ఒకదానికి మనం కర్తలం, రెండోదానికి కాదు. కానీ 'పోసింది', 'పోయింది' అని పక్కపక్కన పలికి చూడండి, ఒక్క అక్షరమే తేడా. నేను మూడు నెలలు మొదటి క్రియతోనే కాపురం చేసి, రెండోదాన్ని పలకరించలేదు. కాబట్టి లోపించిన క్రియ 'పోయుము' కాదు. పోసినది పోయినచోటు 'చూడుము' అన్నదే మూలకర్త హృదయం. చూశాకే పోయడం.

ఫలశ్రుతి

ఈ తేటగీతిని పదిమార్లు పఠించినా కారు చల్లబడదు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంబోధన మాని, స్కెచ్‌పెన్ తీసుకుని, చల్లగా ఉన్న బండి బోనెట్ ఎత్తించి, కూలెంట్ డబ్బా మీద నీటిమట్టం ఎక్కడుందో అక్కడ నల్లగా ఒక గీత గీసింది. పక్కన తేదీ వేసింది. ప్రతి ఆదివారం పొద్దున, ఇంజను ముట్టించకముందు, పిల్లల్లో ఒకరు పోయి చూసి రావాలని నియమం. నాలుగు ఆదివారాలు గడిచాయి. నేను పేపరు చదువుకుంటుంటే వాకిట్లోంచి కేక వేస్తారు:

"నాన్నా, గీత దగ్గరే ఉంది."

యతి లేదు, గణం లేదు, వ్యాఖ్యానం అక్కర్లేదు. తేటగీతి అంటే నాకు ఇప్పుడు అదే.